పాలకు పోటొచ్చే వేళ

ఓద్నీ రోజూ పొద్దున్నే కాఫీ పెట్టుకుని, ఫ్రిజ్‌కి అంటించిన ఆటుపోట్ల పట్టికలో వార్దో రేవు వరస చూసుకునేది. సెన్యా దీవిలో చేపలవాళ్ల ఇళ్లన్నింటా అంతే. బిడ్డ తండ్రి ఏ రేవులో ఉంటే ఆ రేవుకు పోటొచ్చినప్పుడు తల్లి పాలు ఉప్పగా, ఆటుకు తియ్యగా ఉంటాయి. మొగుడు ఐలిఫ్ కాడ్ చేపల వేటకని వార్దో వెళ్లి మూడు వారాలైంది. కాబట్టి అక్కడ నీరు తీసినప్పుడే పాలివ్వాలి.

ఇచ్చింది. రెండు నెలల పిల్ల ఒక్క గుక్క తాగి, పెద్దమనిషిలా అలిగి మొహం తిప్పేసుకుంది.

"గంట కలిపావా?" అంది అత్త బోర్గిల్. పట్టికలో ఉండేది చలికాలపు టైము; వేసవిలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు కనక గంట కలపాలి. కొత్త కోడళ్లందరూ అక్కడే బోల్తా పడతారు.

"కలిపాను అత్తయ్యా. కలపకుండానూ చూశాను. నా బుర్ర పనిచెయ్యడం లేదు."

నర్సు సునివా పాలు పరీక్ష చేయించింది. "ఉప్పు మూడింతలుంది. ఉప్పు పెరిగితే చక్కెర పడిపోతుంది. రొమ్ములో వాపా, లేదు. జ్వరమా, లేదు. నాకూ అర్థం కావట్లేదమ్మా. శుక్రవారానికి బరువు పెరక్కపోతే పిల్లని ట్రోమ్సో ఆసుపత్రిలో చేర్చాల్సిందే."

ఓద్నీ ఏడ్చేసింది. లోపం తన ఒంట్లోనే ఉందనుకుంది.

పాలు రుచి చూడాల్సిన అవసరం ఆ ఊళ్లో ఎవరికీ రాలేదు, పట్టిక చాలేది. గురువారం మాత్రం బోర్గిల్ గంటగంటకూ చెంచాతో రుచి చూసి కాగితం మీద రాసుకుంది. సాయంత్రం ఒక్కో రేవు వరసా వేలితో వెతికింది. కాగితం మీది వేళలతో సరిగ్గా సరిపోయిన బూదో రేవు దగ్గర వేలు ఆగిపోయింది.

ఈ కాలంలో బూదోలో కాడ్ వేట ఉండదు. ఐలిఫ్ పాత స్నేహితురాలు మాత్రం ఉంది.

ఓద్నీ కాగితాన్నీ పట్టికనీ రెండుసార్లు పోల్చి చూసుకుంది. చివరికి, "అంటే... నా పాలు బాగానే ఉన్నాయా అత్తయ్యా?" అంది.

"నీ పాలు బాగానే ఉన్నాయే తల్లీ. నా కొడుకే బాగాలేడు."

బూదోలో నీరు తీసే వేళ చూసి పిల్లను ఒడిలోకి తీసుకుంది ఓద్నీ. పిల్ల ఊపిరి కూడా తీసుకోకుండా గుటగుటా తాగింది. బోర్గిల్ ఫోను అందుకుంది.

"ఎక్కడున్నావురా?"

"వార్దోలోనే అమ్మా. వేసవొచ్చినా చలి చంపేస్తోంది."

"బూదోలోనే ఉండు. కదిలావంటే పిల్ల పాల వేళ తప్పుతుంది. అది పాలు మానేదాకా ఈ గడప తొక్కకు."