‘ఇంకో ప్రతి’ బటన్

క్వారీలో రాళ్లు కొట్టే మనిషి భార్య మా లైబ్రరీ కౌంటర్ ముందు నిలబడి ఉంది. గుమాస్తా కంప్యూటర్‌లో చూసి, అలాంటి రిపోర్టే లేదని చెప్పి, ఈగను తోలినట్టు చెయ్యి ఊపాడు. ఆమె కదల్లేదు.

"రేపే క్వారీ కంపెనీ మీద విచారణ సార్. రాతిపొడి మావాళ్ల ఊపిరితిత్తులు తినేసిందని ముప్పై ఏళ్ల కిందటే డాక్టర్లు రాశారంట. మా యూనియన్ పెద్దాయన ఇక్కడే కూర్చుని చదివాడు. ఆయన పోయాడు. కంపెనీవాళ్లేమో ఆ రిపోర్టే పుట్టలేదంటున్నారు."

"కంప్యూటరూ అదే అంటోందమ్మా. నేనేం చెయ్యను?"

నేను వెనక టేబుల్ దగ్గరున్నాను. ఆ రిపోర్టు ఉంది. దాన్ని మాయం చేసింది మాలో ఎవరో ఒకరు.

ఎలాగో చెబుతాను, దాచను. మేం పన్నెండుమంది క్యాటలాగర్లం. పుస్తకం తెరిచి, చదివి, స్కేలుతో కొలిచి, ఏ మాట కింద పెడితే ఎవరికి దొరుకుతుందో ఆలోచించి కార్డు రాసేవాళ్లం. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని కాంట్రాక్టర్ దిగాడు. కంప్యూటర్ మీద మాకేం పగ లేదు. సరిగ్గా రాస్తే అది మాకంటే వేగంగా వెతికిపెడుతుంది. వాడు మాత్రం మనిషికి రోజుకు నాలుగు వందల పుస్తకాలన్నాడు. మంచినీళ్లకు లేచినా తెర మీద మా పేరు ఎర్రబడేది.

అందులో ‘ఇంకో ప్రతి’ అని ఒక బటన్ ఉంది. అదే పుస్తకం రెండోది వస్తే, మొదటిదాని వివరాలన్నీ మళ్లీ పడటానికి. మేం దాన్ని వేరే పుస్తకాలకూ నొక్కడం మొదలుపెట్టాం. నొక్కితే చాలు, చదవక్కర్లేదు. ముందుది గులాబీల పెంపకమైతే వెనకొచ్చినవన్నీ గులాబీల పెంపకమే. ఆ నంబరే అంటించి ఆ అరలోకే తోసేశాం. కాంట్రాక్టర్‌కు తెలుసు, సూపరింటెండెంట్‌కూ తెలుసు. టార్గెట్ దాటామని ఒకళ్లనొకళ్లు మెచ్చుకున్నారు. థూ! వాళ్ల మొహాలకంటే నా వేళ్లు చూసుకుంటేనే నాకు ఎక్కువ రోత.

మధ్యాహ్నం కార్డుల గదిలో చేరాం. చిత్తుకాగితాల లారీ కోసం కార్డులు గోనెసంచుల్లో కుక్కి ఉన్నాయి. అందరిలోకి సీనియర్ అయిన పెద్దక్క ఒక సంచి విప్పుతూ అంది:

"ఎవరు ఏ పుస్తకం మీద నొక్కారో చెప్పండి. ఆ అరలే వెతుకుదాం."

"చెబితే ఉద్యోగం ఊడుతుందక్కా," అన్నాడు కళ్లజోడు. మేమంతా వాణ్ణి అలాగే పిలుస్తాం. "నాకు ముగ్గురు పిల్లలు. నీకేం, రేపోమాపో రిటైరవుతావు."

"అవున్రా, నాకేం! మరి ఆమె మొగుడికో? దగ్గుతూ మూల కూర్చున్నాడట. నువ్వు నోరు మూసుకుంటే కంపెనీ దులుపుకుని పోతుంది."

"చేయించింది కాంట్రాక్టర్ కదా!"

"అందుకే వాడి మొహం మీదే చెప్పాలి. ఒక్కళ్లం చెబితే ఆ ఒక్కళ్లనీ పీకేస్తాడు. పన్నెండుమందీ చెబితే సెక్షన్ ఎవరితో నడుపుతాడు?"

నేనే ముందు నోరు విప్పాను. "గులాబీల పెంపకం. అవి నావి."

"ఉత్తరాలు రాసే పద్ధతి," అంది ఇంకో అమ్మాయి. పుస్తకాల పేర్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చివరికి కళ్లజోడు తల వంచుకుని, "కుట్టుపని మొదటి భాగం," అన్నాడు.

సాయంత్రానికి సంచుల్లో ఆ రిపోర్టు పాత కార్డు దొరికింది. నూట పద్దెనిమిది పేజీలు, ఇరవై నాలుగు సెంటీమీటర్లు, మూడు పటాలు. పెద్దక్క దాన్ని రీడింగ్ హాల్లో బిగ్గరగా చదివింది. మాతోపాటు అరలు వెతకడానికి పరీక్షలకు చదువుకునే విద్యార్థులు లేచారు, ఊడ్చేవాళ్లు చీపుళ్లు పక్కన పెట్టారు.

"నాకు చదువు రాదమ్మా," అంది క్వారీ మనిషి భార్య.

"కొలత వచ్చుగా?" అంటూ ఆమె చేతికి స్కేలిచ్చాను.

"రాళ్లు కొలిచిన చెయ్యి ఇది. రాకేం!"

కుట్టుపని అరలో ఆమెకే దొరికింది. అట్ట చూసి కళ్లజోడు గోడకు ఆనుకున్నాడు.

కాంట్రాక్టర్ సూపరింటెండెంట్‌ను వెంటేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఆ పుస్తకం గడప దాటితే దొంగతనం కేసు పెడతా!"

"నా పేర రాసుకో," అంది పెద్దక్క. రిపోర్టు క్వారీ మనిషి భార్య చేతిలో పెట్టి పంపేసింది. పోలీసులొచ్చి పెద్దక్కను జీపెక్కించారు. ఎక్కుతూ కూడా మా వైపు తిరిగి, "రేపెవరూ మెషిన్ ముట్టకండి!" అని అరిచింది.

మర్నాడు మేమెవరం పనిలోకి పోలేదు, సెక్షన్‌కు తాళం పడింది. మేం పదకొండుమందిమీ విచారణ గదికి వెళ్లాం. క్వారీ మనిషి భార్య బల్ల మీద పెట్టిన రిపోర్టు చూసి కంపెనీ లాయరు నవ్వాడు. "లైబ్రరీ రికార్డు ప్రకారం ఇది కుట్టుపని పుస్తకం సార్. వీళ్లు ఎక్కడో అచ్చేయించుకొచ్చారు."

విచారణ అధికారి మా వైపు చూశాడు. "ఇలా ఎక్కించిందెవరు?"

కళ్లజోడు లేచాడు. "నేనే సార్. చదవకుండా ఎక్కించాను. చదివితే టార్గెట్ అవదు. చదవొద్దనే పెట్టారు టార్గెట్."

"నువ్వొక్కడివేనా?"

"కాదు," అంటూ నేను లేచాను. నా వెనక కుర్చీలన్నీ కదిలాయి.

కూర్చోండి, కూర్చోండి అని అధికారి బల్ల చరిచాడు. ముందు ఆ రిపోర్టు తెరిచి చదవమన్నాం. అతను మొదటి పేజీ తిప్పేదాకా ఒక్కరం కూర్చోలేదు.