పెద్దపేగు నిద్ర

జితేందర్ పెద్దపేగులో జానెడు ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. చేతులు పెట్టి కదిలిస్తే పేగులు మొద్దుబారి పడుకుంటాయని సర్జన్ ముందే చెప్పాడు. ముందు చిన్నపేగు లేస్తుంది, తర్వాత జీర్ణాశయం, అన్నిటికన్నా ఆలస్యంగా పెద్దపేగు. అది లేచిందనడానికి గుర్తు, కింద నుంచి గాలి పోవడం. అప్పటిదాకా నోట్లో ఐసు ముక్క తప్ప ఏమీ వేయకూడదు. ఎంతకీ లేవకపోతే పొట్ట మళ్ళీ తెరవాల్సి రావచ్చు.

ఇదంతా ఎవరి కడుపు గురించో చెబుతున్నట్టు విన్నాడు జితేందర్. భయం కూడా వేయలేదు.

భార్య ఉజ్వల ఎడిసన్ ఊళ్ళో ఆఫీసుకి వెళ్ళింది. మంచం పక్కన ఉజ్వల తల్లి కృష్ణకుమారి కూర్చుంది. ఆపరేషనని తెలిసి ఖమ్మం దగ్గరి పల్లె నుంచి విమానం ఎక్కి వచ్చిన మనిషి. అత్తగారి ఎదుట కాళ్ళు చాపుకుని కూర్చోవడమే తప్పనుకునే ఇంట్లో పెరిగిన జితేందర్, ఆవిడ ముందే వీపు మూయని ఆసుపత్రి గౌనులో పడి ఉన్నాడు.

నర్సు తలుపులోంచే అడిగింది. "డిడ్ యూ పాస్ గ్యాస్ యెట్?"

అత్తగారు తలెత్తింది. "గ్యాసేంది బాబూ? ఏమడుగుతుంది ఆమె?"

"ఏం లేదత్తమ్మా."

నర్సు మళ్ళీ నోరు తెరవబోయింది. "యెస్, యెస్" అనేశాడు. ఆ మాట అక్కడితో తెగిపోతే చాలనుకున్నాడు.

కాసేపటికి ట్రే వచ్చింది. ఆపిల్ జ్యూసు, పలచటి సూపు.

"తాగు బాబూ."

"ఆకలైతలేదత్తమ్మా."

"కడుపు మాడ్చుకుంటే ఆకలెట్లయితది? రెండు గుక్కలు పడితే అదే అయితది."

కాదనాలంటే అసలు సంగతి చెప్పాలి. తాగాడు. జ్యూసు గొంతు దాటి, అన్ననాళంలో జారి, జీర్ణాశయంలో ఆగిపోయింది. దాన్ని కిందికి తోసే నాథుడు లేడు. సాయంత్రానికి పొట్ట డప్పులా బిగిసింది. పసరు రంగు వాంతి దుప్పటి తడిపేసింది. నర్సులొచ్చి ముక్కులోంచి పొట్టలోకి గొట్టం దించారు.

కృష్ణకుమారి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. "నేనే తాగిస్తి. నా చేతులిరగ, నేనే చేస్తిని."

జితేందర్ పైకప్పుని చూస్తూ చెప్పాడు. "మీరు కాదత్తమ్మా. పిత్తినవా అని అడిగిందామె. పిత్తకున్నా పిత్తిన అని చెప్పిన. మీరున్నరని."

ఆవిడ ఏడుపు ఆపి చూసింది.

"ఓరి నీ సిగ్గు పాడుగాను! నా ముందర సచ్చిపోతే పర్లేదు గాని పిత్తగూడదా?"

నవ్వొచ్చే మాటే. అతనికి నవ్వు రాలేదు, సిగ్గూ రాలేదు.

మర్నాడు పొద్దున నర్సు అడిగితే "నో" అన్నాడు. ఇంకా లేదా అని అత్తగారు అడిగితే లేదన్నాడు. ఆవిడ అదే మాట ఫోన్లో కూతురికి చెప్పింది, బయట వాన పడుతోందని చెప్పినట్టు.

ఆ మధ్యాహ్నం కడుపులో ఏదో పాకినట్టయింది.

"అత్తమ్మా, వచ్చింది."

"నిజంగనా? మొహమాటానికా?"

"నిజంగనే."

ఆవిడే వెళ్ళి నర్సుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. సర్జన్ స్టెతస్కోపు పెట్టి పొట్ట నాలుగు మూలలా విన్నాడు, తలూపాడు. గొట్టం తీస్తుంటే జితేందర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, గొట్టం రాపిడికి వచ్చిన నీళ్ళే. కృష్ణకుమారి కొంగుతో తుడిచింది. అతను కదలకుండా తుడవనిచ్చాడు.