చదివే అనుమతి

అక్క పోయాక ఆమె కంప్యూటర్‌లోని డిస్కును చెల్లెలు తన లినక్స్ కంప్యూటర్‌కు తగిలించింది. డిస్కులో దెబ్బతిన్న భాగాలను సరిచేసే కమాండు నడిపాక ఫోల్డర్లు కనిపించాయి గానీ, అక్క పాడి రికార్డు చేసుకున్న పాటలు తెరవబోతే అనుమతి లేదని వచ్చింది. ఫైలు యజమాని పేరుండాల్సిన చోట ఒట్టి అంకె ఉంది. ఈ కంప్యూటర్‌కు అక్కెవరో తెలియదు.

ఆఫీసు స్నేహితురాలికి ఫోన్ చేసింది.

“యజమానిగా నీ పేరు పెట్టేసుకోవే, చిటికెలో పని.”

“వద్దులేవే. అవి అక్కవి. నాకు వింటే చాలు.”

ఫోన్ పెట్టేసి, ఫైళ్లను మార్చకుండా తెరిచి వినడానికి సరిపోయే చదివే అనుమతి మాత్రం తనకు ఇచ్చుకుంది. మొదటి ఫైలులో అక్క పాట ఎత్తుకుని, శ్రుతి తప్పి, పడీపడీ నవ్వింది. చెల్లెలికీ నవ్వాగలేదు. “నీ గొంతు తగలెయ్యా!” అని పైకే అనేసింది. ఫైలు అయిపోయింది. గదిలో బదులిచ్చేవాళ్లు లేరు. మళ్లీ మొదటినుంచి పెట్టుకుంది.