వరాలమ్మ నొక్కని బటన్

నేను ఒక ఖాళీని. చుట్టూ నాలుగు గీతలు గీసి, లోపల ఏమీ పెట్టకుండా, కింద ఒక బటన్ తగిలిస్తే నేనవుతాను. నా నెత్తిన "మీ ఈమెయిల్ చిరునామా రాయండి" అని, బటన్ మీద "చేరండి" అని ఉంటుంది. చేరినవాళ్ళకి బ్లాగులో కొత్త టపా పడగానే మెయిల్ వెళ్తుంది. అంతే నా ఉద్యోగం. పేరుకి పెట్టెనే గానీ నాలో ఎవరూ ఏదీ పెట్టి ఉంచరు. బటన్ నొక్కిన మరుక్షణం మళ్ళీ ఖాళీ.

నన్ను కన్నది ఒక కోడలు. కోడ్ రాయడం కోడలికి కాక ఇంకెవరికి చేతనవుతుంది! ఆమె పేరు హరిణి. అత్తగారు కొల్లూరి మాణిక్యాంబగారు కాకినాడలో లెక్కల టీచరుగా చేసి రిటైరై "మాణిక్యం తిరగమోత" అనే బ్లాగు రాస్తున్నారు. వంటల బ్లాగే. కాకపోతే వంకాయ గురించి ఒక పేరా ఉంటే, వంకలు పది పేరాలుంటాయి. ఆ వంకలన్నీ "ఒకావిడ" మీద. ఒకావిడ పులిహోరలో ఇంగువ మరిచిపోయి ఎదుటివాళ్ళ ముక్కుదే లోపమని దబాయించిందట. ఒకావిడ ఆవకాయ జాడీ ఎత్తుకొస్తూ దారిలోనే సగం పంచేసిందట.

"చదివినవాళ్ళు చదివినట్టే వెళ్ళిపోతున్నారమ్మా. ఎవరొచ్చారో తెలిసేలా ఏదన్నా పెట్టు" అన్నారు ఒకరోజు మాణిక్యాంబగారు. "ఇంటిపేరు, ఊరు, ఎవరి తాలూకో కూడా అడుగు."

"అన్ని అడిగితే పారిపోతారండీ అత్తయ్యగారూ. ఇదేం పెళ్ళిచూపులు కాదు" అంది హరిణి. చిరునామా ఒక్కటే చాలనిపించి, నన్ను పేజీ చివర కూర్చోబెట్టింది.

నాకొక సౌకర్యముంది. ఎవరు తెరిస్తే వాళ్ళింట్లో ఉంటాను, వాళ్ళ మాటలు వింటాను. అలా విన్నదే ఇదంతా. నాలుగు నెలల్లో ముప్ఫై ఎనిమిది మంది చేరారు. మాణిక్యాంబగారు రోజూ జాబితా పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివి, "రాలేదు" అని కళ్ళజోడు తీసేసేవారు. రావలసింది వరాలమ్మగారు. ఆ "ఒకావిడ" ఆవిడే.

ఇద్దరూ పంతొమ్మిదేళ్ళు ఒకే స్కూల్లో, పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పారు. మధ్యాహ్నం ఇద్దరికీ ఒకటే క్యారేజీ. మూడేళ్ళ క్రితం మాణిక్యాంబగారు కొత్తింటి గృహప్రవేశానికి కార్డు ఫొటో తీసి, ఫోనులో ఉన్న నూట ఎనభై మందికీ ఒక్క దెబ్బతో వాట్సాప్‌లో పంపేశారు. ఆ నూట ఎనభైలో వరాలమ్మగారూ ఉన్నారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని ఆవిడ రాలేదు. రాలేదని ఈవిడ ఫోన్ చేయలేదు. చేయలేదని ఆవిడా చేయలేదు. పంతొమ్మిదేళ్ళ చెలిమిని ఒక ఫొటో మింగేసింది.

ఇక నా రహస్యం. సామర్లకోటలో రోజూ ఉదయం పదకొండింటికి, వంట ముగించుకుని, ఒకరు నన్ను తెరిచేవారు. టపా మొత్తం చదివి, "ఒకావిడ" దగ్గర కాసేపు ఆగి, చివరికి నా దగ్గరికి వచ్చేవారు. చూపుడువేలొక్కటే వాడుతూ, పసుపు అంటిన వేలితో, "వరాలమ్మ" అని ఇంగ్లీషులో ఒక్కో అక్షరమే కొట్టేవారు. ఆ తర్వాత తోక చుట్టుకున్న గుర్తు, ఎట్. ఆ ఎట్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మనసు ఎటూ తేలేది కాదు. బటన్ మీదుగా వేలు ఊగేది. ఆ తర్వాత ఒక్కో అక్షరమే చెరిపేసేవారు. నొక్కని బటన్ సంగతి లోకంలో ఎవరికీ అందదు. నాకొక్కదానికే తెలుసు, నాకా నోరు లేదు. నాలుగు నెలలపాటు ఆ వేలి కోసం ఎదురుచూడటమే నా బతుకైపోయింది.

ఒకరోజు హరిణి, బ్లాగుకి ఏ ఊరినుంచి ఎందరొస్తున్నారో చూపే లెక్కలు తెరిచి చూసింది. "సామర్లకోట నుంచి ఎవరో రోజూ వస్తున్నారండి. చదువుతున్నారు గానీ చేరట్లేదు."

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మాణిక్యాంబగారి చేయి ఆగిపోయింది. "సామర్లకోటంటే అది వరాలే! చూశావా పొగరు? తొంగిచూస్తుంది గానీ పేరు రాయదు."

"మీరు పిలిచారా?"

"పిలవడమేంటి, అంత లావు అక్షరాలతో చేరండి అని ఉంటేనూ!"

"అది అందరికీ కదండీ. గృహప్రవేశానికీ అందరికీ పంపిన కార్డే పంపారు."

మాణిక్యాంబగారు ఈనె గిన్నెలో వేసి, చిక్కుడుకాయ చెత్తలో పడేశారు.

మర్నాడు పదకొండింటికి నేను సామర్లకోటలో ఉన్నాను. వేలు ఎట్ దాకా వచ్చింది. ఇంతలో వీధి గేటు చప్పుడైంది. వరాలమ్మగారు ఫోను బల్ల మీద పెట్టి లేచారు.

"ఏంటే, ఇలా ఊడిపడ్డావు?"

"పిలవడానికొచ్చాను." మాణిక్యాంబగారు సంచిలోంచి కుంకుమ భరిణె తీశారు. "నా బ్లాగులో చేరాలి. తప్పకుండా రావాలి."

"బ్లాగుకి బొట్టు పెట్టి పిలుస్తారటే ఎవరన్నా?"

"గృహప్రవేశానిది కూడా కలిపి పెడుతున్నాను. కదలకు."

వరాలమ్మగారు కదలలేదు. గొంతు మాత్రం కదిలింది. "కొత్త చీర కట్టుకుని మూడు రోజులు గుమ్మంలోనే కూర్చున్నానే మాణిక్యం, నువ్వొస్తావని. నూట ఎనభై మందిలో నేనూ ఒకదాన్నా? ఇప్పుడేమో 'ఒకావిడ'ట! నాకు పేరు లేదూ?"

"పేరు రాస్తే తిడతావని."

"తిట్టడానికైనా ఫోన్ చేసేదాన్ని కదే!"

ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు. అప్పుడు మాణిక్యాంబగారి చూపు బల్ల మీదున్న నా మీద పడింది. "ఇదేంటి, సగం కొట్టి వదిలేశావు?"

"ఊరికే. వేళ్ళకి కసరత్తు."

ఒక్క నొక్కు. ఒకే ఒక్క నొక్కు చాలు. నా నాలుగు గీతలూ బిగుసుకున్నాయి.

"పరాయిదానిలా నువ్వు ఈ పెట్టెలో రాయడమేంటే? నాకు చెప్పు, నేనే రాసుకుంటా" అన్నారు మాణిక్యాంబగారు. బస్సు టికెట్టు వెనక రాసుకున్నారు. వరాలమ్మగారు నాలో ఉన్న అక్షరాలు చెరిపేసి, "భోంచేసి వెళ్దువుగాని" అంటూ లోపలికి నడిచారు.

ఆ సాయంత్రం హరిణి ఆ చిరునామాని పెరటిదారిన జాబితాలో చేర్చేసింది. ముప్ఫై తొమ్మిదో పేరు. మాణిక్యాంబగారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీయకుండానే ఉండిపోయారు. ఈమెయిల్ వల్ల ఏ మేలు అని అడిగేవాళ్ళకి ఇదీ నా జవాబు. ఆ మేలు నా గుండా మాత్రం జరగలేదు.

ఇప్పుడు టపాలు నేరుగా వరాలమ్మగారి మెయిలుకే వెళ్తున్నాయి. చదివిన వెంటనే ఫోన్ చేసి గంటసేపు తిడతారట. బ్లాగు దాకా రావలసిన పనే లేదు. సామర్లకోట చూసి ఎన్నాళ్ళయిందో. మిగతావాళ్ళు వస్తారు, గబగబా కొడతారు, నొక్కుతారు, పోతారు. ఎవరూ తడబడరు, ఎవరి వేలికీ పసుపు ఉండదు.

అప్పుడప్పుడు ఒక పాడు ఆలోచన వస్తుంది. మాణిక్యాంబగారు ఏ టపాలోనో నోరు జారి, వరాలమ్మగారికి కోపమొచ్చి, జాబితాలోంచి పేరు తీయించుకుని, మళ్ళీ చాటుగా నా దగ్గరికే వచ్చి... ఛ, అలా అనుకోకూడదు. ఇద్దరూ చల్లగా ఉండాలి.

పోనీ, చిన్న అలక. ఒక్కరోజుకి సరిపడా.