పచ్చి మిగిలిన చెవి

ఆర్మూర్ మార్కెట్ యార్డులో గంగమణి వచ్చేదాకా పసుపు వేలం మొదలయ్యేది కాదు. ఆమె ప్రతి రాసిలోంచీ ఒక కొమ్ము తీసి కుడిచెవి దగ్గర పెట్టుకునేది. లోపల పచ్చి మిగిలి ఉంటే ఆ కొమ్మే ఆమెతో ఒప్పుకునేది.

"ఇంక రెండెండలు పెట్టు హన్మయ్యా" అని ఆమె అంటే, ఆ రైతు వేలానికి పెట్టకుండానే సంచులు తిరిగి బండికెత్తుకునేవాడు.

గంగమణికి ఎడమచెవి వినికిడి చిన్ననాడే పోయింది. కుడిచెవిలో చీము పట్టగా ఒకసారి ఆపరేషన్ అయింది. నాలుగేళ్లకు, 1996లో, మళ్లీ చీము కారింది. హైదరాబాదు డాక్టరు పరీక్షించి, పాత జబ్బు లోపల ఎక్కడో మిగిలిందనీ, ఈసారీ మిగిలితే వినికిడి ఎముకలను తినేసి ఈ చెవినీ తీసుకుపోతుందనీ చెప్పాడు.

"ఇప్పుడు ఎండోస్కోపు ఉందమ్మా, కెమెరా బిగించిన సన్నకడ్డీ. మూలమూలలూ కనిపిస్తాయి. మత్తిచ్చి చేస్తాను."

"మత్తు వద్దు సారూ. పోయినసారి నన్ను పండవెట్టిన్రు, గందుకే మిగిలింది. మెలకువతోని ఉంటే నేను వింట."

"యార్డంత దీని మాటనే ఇంటది సార్" అన్నాడు భర్త లక్ష్మీనర్సయ్య, మెడ నిటారుగా నిలిపి.

డాక్టరు తలూపి, చెవి దగ్గర మాత్రమే సూదిమందు వేయించాడు.

తెరమీద చెవి లోపలి గది తేటగా కనిపించింది. జబ్బంతా తీసేశాననుకుని డాక్టరు కడ్డీని వెనక్కి లాగబోయాడు.

"ఉన్నది సారూ" అంది గంగమణి కదలకుండా. "ఒప్పుకుంటున్నది. ఎముక ఎనుకకు, జర కిందికి."

డాక్టరు పక్క సందులను చూపించే మరో కడ్డీ తెప్పించి ఆ దిక్కుకు తిప్పాడు. సన్నని సందులో జొన్నగింజంత తెల్లని గడ్డ. దానిని పొర కూడా మిగలకుండా ఊడదీశాడు. మూడు ఎముకలూ క్షేమంగా ఉన్నాయి.

"రిపోర్టులో ఏం రాయమంటారు సార్?" అని అసిస్టెంటు అడిగాడు.

"జరిగింది జరిగినట్టే రాయండి."

నెల తర్వాత చెవిలోని దూది తీసి, ఆమెకు వినిపిస్తోందో లేదో చూడటానికి డాక్టరు ఆ కాగితమే చదివాడు: "మిగిలిన జబ్బు ఉన్నచోటును గంగమణి గారు చూపించారు."

"ఇంకోపారి చదువు సారూ. జర గట్టిగ."

డాక్టరు ముఖం వాడింది. "వినబడలేదా అమ్మా?"

"అచ్చరం అచ్చరం ఇనవడ్డది. మా ఆయన బయట కూసున్నడు."