జౌరే పడవకు మోటారు

సముద్రం ఎండి వెనక్కి పోయిన ఏళ్లలో సాగిందిక్ పడవ ఇసుకలో బోర్లా పడి గొర్రెపిల్లలకు కొట్టమైంది. నీళ్లు మళ్లీ ఊరి దగ్గరకు వచ్చేసరికి సాగిందిక్ బతికి లేడు. అతని భార్య జౌరే ఆ పడవను వెల్లకిలా తిప్పించి, కుళ్లిన చెక్కలు పీకేసి కొత్తవి కొట్టించి, తారు పూసి, చేపల వేటకు తానే వెళతానంది. ఊళ్లో కొందరు నవ్వారు. సాగిందిక్‌కు అన్న అయిన ఒరిన్‌బాయ్ మాత్రం నవ్వలేదు.

"మోటార్ల సంగతి నాకేం తెలుసు బావగారూ? మీరు ఏది తీసుకోమంటే అదే తీసుకుంటా," అంది జౌరే.

ఒరిన్‌బాయ్ పడవ మోటారు ఆ చలికాలమే పగిలిపోయింది, అతనికీ ఒకటి కావాలి. ఇద్దరూ కలిసి అరాల్స్క్ పట్నం వెళ్లారు. పాత మోటార్లు అమ్మే కెంజెబెక్ పెరట్లో రెండే మిగిలాయి. అతను వాటిని నీళ్ల పీపాలో దించి నడిపించాడు. ఒరిన్‌బాయ్ ఇంజనును చల్లబరిచి వాటి పక్కనుంచి చిమ్మే నీటిధార కింద వేలు పెట్టాడు.

"ఏంటన్నా, పెళ్లిచూపులా? అంతసేపు చూస్తావేం?" అని కెంజెబెక్ ఎగతాళి చేశాడు.

పెద్ద మోటారు ధార బలంగా, గోరువెచ్చగా ఉంది. చిన్నదాని ధార సన్నగా మొదలై, కాసేపటికి చుక్కలైంది. వేలు చురుక్కుమంది. లోపల నీళ్లు తోడే రబ్బరు రెక్క అరిగిపోయిందని, దూరం వెళితే ఇంజను వేడెక్కి ఆగిపోతుందని అతనికి అర్థమైంది.

"నీది పాత పడవ కదమ్మా. మోటారు తగిలించే వెనక పలక పెద్దదాని బరువు మోయదు. చిన్నదే నీకు నయం," అన్నాడు.

పలక మాట అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. పెద్దది తాను కొనుక్కున్నాడు. దారిలో జౌరే మూట విప్పి నూనెలో వేయించిన బౌర్సాక్‌లు పెట్టింది. ఒకటి తీసుకుని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి వెళ్లాక నిజం చెబుదామనుకున్నాడు. వెళ్లాక, రేపు చెబుదామనుకున్నాడు.

ఆమె మొదటిసారి వేటకు వెళ్లిన రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, ఆమెది తప్ప. ఒరిన్‌బాయ్ తన పడవెక్కాడు. పెద్ద మోటారు ఒక్కసారి కూడా దగ్గలేదు. దాని సాఫీ చప్పుడు వింటుంటే అతనికి తన మీదే ఒళ్లు మండిపోయింది.

రెల్లు పొదలకు అవతల జౌరే కనిపించింది. మోటారు ఆగిపోయి చల్లబడి ఉంది. తెడ్లు పట్టిన అరచేతులు బొబ్బలెక్కి రక్తం కారుతున్నాయి. పడవలోకి నీళ్లొస్తున్నాయి.

"తప్పు నాదే బావగారూ. మీరు ఇంత మంచిది చూసిపెడితే, నడపడం చేతకాక పాడుచేశాను," అందామె, ఏడుపు ఆపుకుంటూ.

అతను తాడు విసిరాడు. ఒడ్డుకు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. రేవులో దిగాక మాత్రం దాచలేకపోయాడు.

"నువ్వేం పాడుచెయ్యలేదు జౌరే. అది పనికిరాదని అక్కడే తెలుసు నాకు. మంచిది నేను ఉంచుకున్నా."

జౌరే తలగుడ్డ అంచుతో చేతులు తుడుచుకుంది.

"మునిగిపోతాననుకున్నా. అప్పుడు కూడా మిమ్మల్నేం అనుకోలేదు, నన్నే తిట్టుకున్నా," అని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఒరిన్‌బాయ్ ఆమె పడవ వెనక పలకకు మందపాటి చెక్క వేసి బోల్టులు బిగించాడు. తన పెద్ద మోటారు తెచ్చి దానికి తగిలించాడు. ఆమె వద్దనలేదు, బాగుందనీ అనలేదు. చిన్నదానికి కొత్త రెక్క వేసి అతను తన పడవకు పెట్టుకున్నాడు. దాన్ని నమ్మలేక ఒడ్డు కనిపించినంత మేరే తిరిగేవాడు.

వేసవి ముగిసేసరికి జౌరే అందరికంటే ఎక్కువ చేపలు తెచ్చింది. ఒరిన్‌బాయ్ ఇంటికి వస్తే పాలు పోసి చాయ్ ఇచ్చేది, బావగారూ అని మర్యాదగానే పిలిచేది. కొత్త వల కొనాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక్కతే అరాల్స్క్ బస్సెక్కింది. ఏ వల మంచిదో అతనికి బాగా తెలుసు. ఆమె అడగలేదు.