హోటలు ముడి

పదహారేళ్లు హోటలు గదులను అద్దంలా తుడిచిన చేతులు నావి. ప్రసూతి వార్డులో సహాయకురాలిగా శిక్షణకు చేరిన మూడో వారంలో ఆ చేతులే నా కొంప ముంచాయి.

బిడ్డ పుట్టి అరగంటయింది. తల్లి కింద తడిసిన ప్యాడ్లన్నీ తీసి, సంచిలో కట్టి, బయట చెత్తబండిలో పడేసి వచ్చాను. గది మెరిసిపోతోంది. పెద్ద నర్సు మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆవిడ పాలిపోయిన తల్లి మొహం చూసి, నావైపు తిరిగింది. "ప్యాడ్లేవి? ఎంత రక్తం పోయిందో తూకం వెయ్యొద్దూ?"

"పారేశాను సిస్టర్."

"నిన్నెవరు సర్దమన్నారమ్మా! పో, పట్టుకురా!"

బయటికి పరుగెత్తాను. బండి నిండా నాలుగు గదుల సంచులు, అన్నీ ఒకే రంగు. ఒక్కోటీ తిప్పి చూశాను. అడుగున ఒక ముడి కనిపించింది. రెండు చెవులూ లోపలికి దోపిన హోటలు ముడి. ఇక్కడ అలా కట్టేది నేనొక్కదాన్నే.

తూకం తొమ్మిది వందల గ్రాములు దాటింది. ఐదు వందలు దాటితేనే ప్రమాదమట. పెద్ద నర్సు గంట నొక్కింది. డాక్టరు పరుగున వచ్చి రక్తం ఆపే పనిలో పడ్డాడు.

గంట గడిచింది. గదంతా మరకలు, నేలనిండా చింపిన కవర్లు. తల్లి కింద కొత్త ప్యాడ్ తీయగానే నా చేయి అలవాటుగా సంచి మీదికి పోయింది. దాన్ని వెనక్కి లాక్కుని ప్యాడ్‌ను తూకంలో పెట్టాను.

"ముప్పై గ్రాములే సిస్టర్!" అని అరిచాను.

అంత మురికి గదిలో అంత హాయిగా నేనెప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.